ఝాన్సీ ఒళ్లో ల్యాప్‌టాప్

మొయినాబాద్‌లో బోరు మోటార్ల స్టార్టర్లు తయారుచేసే చిన్న కంపెనీలో ఝాన్సీ ప్రోగ్రామర్. రోజూ చేవెళ్ల బస్సులో తన పాత ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వస్తుంది. స్టార్టర్ చిప్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్ దాంట్లో మాత్రమే సరిగ్గా బిల్డ్ అయి తయారవుతుంది. వేరే కంప్యూటర్‌లో ఏదో ఒక టూల్ వెర్షన్ తేడా కొడుతుంది. అందుకే మూడేళ్లుగా వరుసగా రెండు రోజుల సెలవు ఎరగదు. వచ్చే వారమే చెల్లెలు సమత పెళ్లి.

ఈ నెలంతా కూర్చుని ఆ టూల్స్ అన్నిటినీ అవే వెర్షన్లతో ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టెలో, అంటే కంటైనర్‌లో సర్దింది. "టమాట నారును వేరు మట్టితోటి లేపుతం సూడు, గట్లనే బాపు," అని తండ్రి కుర్మయ్యకు చెప్పింది. "అయితే యాడ నాటినా బతుకుతది," అన్నాడాయన.

ఇవాళ ల్యాప్‌టాప్ ఆపేసి, ఆఫీసు సర్వర్‌లో ఆ కంటైనర్‌తో బిల్డ్ మొదలుపెట్టి, గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది. అక్కడ తయారైన ప్రోగ్రామ్‌ను చిప్‌లోకి ఎక్కించగానే టేబుల్ మీది స్టార్టర్ టక్కుమంది.

"అక్కా, నడిచింది!" అని అరిచాడు పక్క సీటు అభిలాష్. "పెండ్లిల ఉన్నప్పుడు ఏమన్న ఆగితే ఫోన్ చేస్త."

"చెయ్ తమ్మీ. నేనైతే ఎత్తనే ఎత్తను."

సాయంత్రం బస్సులో ఆమె ఒళ్లో టిఫిన్ డబ్బా ఒక్కటే ఉంది. అలవాటు కొద్దీ దాన్నే రెండు చేతులా పట్టుకుంది.