అమ్మ సంచిలో హీబ్రూ నవల

మొన్న పాత పుస్తకాల వాసన తగలగానే కువైట్ విమానాశ్రయం గుర్తొచ్చింది. నాకప్పుడు ఏడేళ్లు. అమ్మ సంచిలో ఇంగ్లీషులోకి వచ్చిన ఒక హీబ్రూ నవల ఉంది. పాడిపంటల మీద బతికే ఊళ్లో ఒక కుటుంబం కథ అది.

తనిఖీ అధికారి సంచి తెరవగానే నాన్న ముఖం పాలిపోయింది.

"ఇజ్రాయెల్ పుస్తకం ఎందుకట్టుకొచ్చావే? ఈ దేశంలో అవి నిషేధం. ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్, పోతే ఇంటికెళ్లిపోవడమే," అని గొణిగాడు. అమ్మ దొంగతనం చేసిందేమోనని నేను ఆమె కొంగు గట్టిగా పట్టుకున్నాను.

అధికారి పుస్తకం తిప్పి చూశాడు.

"ఫ్యామిలీ స్టోరీ సార్," అంది అమ్మ.

"యల్లా," అంటూ ఇక వెళ్లమన్నట్టు అతను సంచి మూసేశాడు.

టాక్సీలో నాన్న దాన్ని పారేయమన్నాడు.

"ఇందులో అత్తాకోడళ్లు మాటాడుకోటం లేదండి. ఆ గొడవ తేలకుండా ఎలా పారేత్తానండి?" అంది అమ్మ.

కోనసీమలో పుట్టి, కువైట్‌లోని బ్నీద్ అల్ గార్‌లో ఒంటిగదిలో కాపురం చేసిన అమ్మకు ఆ నవల్లోని ఊరే పుట్టిల్లయిందని నాకు చాలా ఏళ్లకు తెలిసింది.