అంచు మావయ్య

ఎవరి మార్కులు చూపించినా ఆ మావయ్య నోట్లోంచి ఒకటే మాట వచ్చేది: “అంచు.”

డాక్టరీ చదవాలనుకునే పిల్లలు స్కూలు గ్రేడ్లూ, ప్రవేశపరీక్ష స్కోరూ పట్టుకుని ఆయన కళ్ళజోళ్ళ దుకాణానికి పరిగెత్తేవారు. ఏ కాలేజీలో సీటొస్తుందో చెప్పమనేవారు. ఆయన ఆ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూసి, దూరంగా పెట్టి చూసి, వీధి తలుపు దాకా వెళ్ళి వెలుతుర్లో చూసి, “అంచు మీదుంది. రావచ్చు, రాకపోవచ్చు” అనేవాడు. ఈ మాత్రం చెప్పడానికి ఒక మనిషెందుకండీ అని మీరంటారు. ఊళ్ళో అందరూ అదే అనేవారు. అంటూనే వెళ్ళేవారు. ఎందుకంటే దుకాణం కోచింగ్ సెంటరు కిందే ఉంది. ఊళ్ళో ఉన్న డాక్టర్లలో సగం మంది ఆ మెట్లు దిగి ఆయన దగ్గర కళ్ళజోడు పెట్టించుకుని వెళ్ళినవాళ్ళే.

ఒక ఏడాది ఒక అబ్బాయికి ప్రవేశపరీక్షలో ఎవరికీ రానంత స్కోరు వచ్చింది. పేపర్లో వాడి ఫొటో ఎంత పెద్దదంటే, ఆ రోజు వాతావరణ వార్తలకి చోటు లేక వాన చెప్పకుండానే వచ్చేసింది. వాడు తడిసిన బట్టలతోనే దుకాణానికొచ్చాడు. మావయ్య ఆ స్కోరు చూసి, ముక్కు మీది అద్దాలు సర్దుకుని, “అంచు” అన్నాడు. వాడు ఇంటికెళ్ళి ఒకటో తరగతి పుస్తకాల నుంచి మళ్ళీ మొదలుపెట్టాడట.

ఇంకోసారి మావయ్యకి పన్ను నొప్పి వచ్చింది. పళ్ళ డాక్టరు నోరు తెరిపించి, దూది కుక్కి, పట్టకారు లోపల పెట్టాడు. ఆ దూది లోంచే మావయ్య, “మీకప్పట్లో ఎంతొచ్చిందండీ?” అని అడిగాడు. డాక్టరు గర్వంగా చెప్పాడు. “అంచే!” అన్నాడు మావయ్య. డాక్టరు చెయ్యి వణికి పక్క పన్ను ఊడొచ్చింది. నమ్మితే నమ్మండి, లేకపోతే మావయ్య ఆవలించినప్పుడు చూడండి.

మార్కులు లేకుండా ఉండలేనట్టే ఆయన కూర్చుని కూడా ఉండలేడు. ఆయన కుర్చీలో కూర్చోవడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. కాఫీ ఇస్తే మొదటి గుక్క వంటింట్లో, రెండోది హాల్లో, మూడోది మెట్ల మీద తాగేవాడు. గ్లాసు పక్కింట్లో దొరికేది. కళ్ళు చూపించుకోవడానికొచ్చినవాళ్ళు గోడ మీది అక్షరాలు చదువుతుంటే, ఆ అక్షరాలకీ కుర్చీకీ మధ్య ఆయన గడియారం లోలకంలా తిరిగేవాడు. సగం మందికి అక్షరాల బదులు ఆయనే కనిపించేవాడు.

“నిలకడగా ఒకచోట ఉండరా నాయనా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి” అనేది వాళ్ళ అక్క.

“తిరిగేవి కళ్ళయితే దుకాణానికి రా అక్కా, చూస్తాను.”

ఆ అక్క కూతురికే ఆ ఏడాది డాక్టరీ ప్రవేశాల వంతు వచ్చింది. మేనకోడలు చిన్నప్పటి నుంచీ మావయ్య మాటకి నవ్వుతూ పెరిగింది. ఇప్పుడు తన కాగితం తన చేతికొచ్చేసరికి నవ్వు రావడం మానేసింది. స్కూలు గ్రేడ్లు చక్కగా ఉన్నాయి. ప్రవేశపరీక్ష రోజు మాత్రం జ్వరంతో రాసింది, స్కోరుకి కూడా ఆ నీరసం తగిలింది. దరఖాస్తు మూడు కాలేజీలకే పెట్టుకోవచ్చు. ఆ మూడూ కాదంటే మళ్ళీ ఏడాది ఆగాలి. ఆ సాయంత్రమే గడువు.

వాళ్ళ నాన్న మూడు కాలేజీలూ ఎప్పుడో ఎంచేశాడు. పెద్ద కాలేజీ, దాని పక్క కాలేజీ, దానికి ఎదురు కాలేజీ. ఆఫీసులో అందరికీ కూతురు పెద్ద కాలేజీలో చేరిపోయినట్టే చెప్పేశాడు. పై అధికారి ముందుగానే తన మోకాలి నొప్పి సంగతి కూడా అడిగాడు.

ఆ మధ్యాహ్నం ఇల్లు ఇల్లులా లేదు. నాన్న కంప్యూటర్ ముందు నుంచి లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు. అమ్మ మడత పెట్టిన బట్టలే విప్పి మళ్ళీ మడత పెడుతోంది. ఎదురింటి లాయరమ్మ తన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చేసింది. వాడికీ ఇదే గడువు. వాడు సోఫా చివర గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. వీళ్ళందరి మధ్యా మావయ్య హాల్లోంచి బాల్కనీకీ, బాల్కనీలోంచి హాల్లోకీ తిరుగుతున్నాడు.

“ముందు మా వాడిది చెప్పండి” అంది లాయరమ్మ. “స్కోరు చూశారుగా? వీడికి పెద్ద కాలేజీ ఖాయమా, కాదా?”

మావయ్య కాగితాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. “అంచు.”

“ఇది అంచా? ఇంత స్కోరు అంచయితే మరి నడిమధ్యలో ఎవరున్నారండీ? ఒక్క మనిషిని చూపించండి!”

“రావచ్చండీ. రాకపోవచ్చు.”

“కోర్టులో ఇలా సాక్ష్యం చెప్తే మా జడ్జిగారు ఊరుకోరు.”

“అందుకే నేను కళ్ళజోళ్ళు అమ్ముకుంటున్నానమ్మా.”

నాన్న గొంతు సవరించుకున్నాడు. “మనమ్మాయి సంగతి చెప్పవోయ్. మొగమాటం వద్దు.”

మావయ్య మేనకోడలి కాగితం తీసుకుని బాల్కనీ దాకా వెళ్ళి వచ్చాడు. “అంచే బావా.”

“చూశావా!” అని నాన్న ఉత్సాహంగా కంప్యూటర్ వైపు తిరిగాడు. “ఆ అబ్బాయీ అంచే, మనదీ అంచే! ఇద్దరూ ఒక్కటే! పెద్ద కాలేజీయే మొదట కొట్టేద్దాం.”

మేనకోడలికి ఒళ్ళు మండిపోయింది. ఆ అబ్బాయి స్కోరుకీ తన స్కోరుకీ ఎంత తేడానో ఆమెకి తెలుసు. బాల్కనీలోకి వెళ్ళి, “మావయ్యా, కొంచెమైనా సిగ్గుండాలి” అంది పళ్ళ మధ్య నుంచి. “నీ తమాషాకి నా ఏడాది పోతుంది.”

“చెప్పులేసుకో” అన్నాడు మావయ్య.

“ఏంటి?”

“నడుద్దాం పద. అక్కా, కాఫీ పొడి తెస్తాం!”

“డబ్బా నిండుగా ఉందిరా!”

ఆ మాట వినపడేసరికి ఇద్దరూ మెట్లు దిగేశారు. వీధిలో మావయ్య నడక ఎలా ఉంటుందంటే, పక్కన నడిచేవాళ్ళు పరిగెత్తాలి. టైలరు దుకాణం దాటారు. సైకిళ్ళ స్టాండు దాటారు. అప్పుడు మావయ్య ముందుకే చూస్తూ, తిన్నగా చెప్పడం మొదలుపెట్టాడు.

“పెద్ద కాలేజీ నీకు రాదమ్మా. అంచూ లేదు, గించూ లేదు. రాదు.”

మేనకోడలు ఆగబోయింది. మావయ్య ఆగలేదు. ఒకచోట నిలబడి ఏడవడానికి కూడా ఆయన టైమివ్వలేదు. ఆ ఏడుపేదో పరిగెడుతూనే ఏడవాల్సి వచ్చింది.

“వాళ్ళు ముందు ప్రవేశపరీక్ష స్కోరుతో జల్లెడ పడతారు. నీ గ్రేడ్ల దాకా రానే రారు. పక్కదీ అంతే, ఎదురుదీ అంతే. మీ నాన్న ఎంచిన మూడూ ఒకే జల్లెడ. రేవు దగ్గర కాలేజీ ఉంది చూడు, వాళ్ళు రెండూ సమంగా చూస్తారు. కొండ మీద కాలేజీ వాళ్ళు గ్రేడ్లు ముందు చూసి ఇంటర్వ్యూకి పిలుస్తారు. నువ్వు ఇంటర్వ్యూలో కూర్చుంటే నిన్ను కాదనేవాళ్ళు లేరు. నన్నే సిగ్గు లేదన్నావు కదా ఇందాక, ఆ ధైర్యం చాలు. మూడోది కొత్త కాలేజీ. వాళ్ళకి మంచి పిల్లలు కావాలి, నీకు సీటు కావాలి.”

“కొండ మీదదా? దాని పేరే ఎవరూ వినలేదు.”

“ఖరీదైన ఫ్రేము ముక్కు మీద నిలబడకపోతే ఏం చేసుకుంటావు? నీ ముక్కుకి సరిపడేది పెట్టుకో. కనిపించడం ముఖ్యం.”

ఆమె ముక్కు తుడుచుకుంది. ఏడుపు కంటే ఆయాసమే ఎక్కువగా ఉంది. ఆయాసంలో ఎందుకో మనసు తేలికపడింది కూడా.

“మరి ఆ అబ్బాయి?”

“వాడికి పెద్ద కాలేజీ కళ్ళు మూసుకుని వస్తుంది. నిన్ననే చెప్పాను, పార్కు చుట్టూ తిప్పి.”

“నిన్న చెప్పావా? మరి ఇందాక గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడే!”

“బాగా నటించాడు కదూ? వాళ్ళమ్మ లాయరు మరి.”

“అయితే అందరి ముందూ అంచు అని ఎందుకన్నావు?”

“గదిలో నువ్వున్నావు కదమ్మా” అన్నాడు మావయ్య, వేరే ఎవరి సంగతో చెప్తున్నట్టు. “వాడికి ఖాయం అంటే అందరూ నీ మొహం చూస్తారు. నీకు రాదంటే అందరూ మీ నాన్న మొహం చూస్తారు. నడుస్తుంటే ఎవరి మొహమూ ఎవరూ చూడనక్కర్లేదు.”

“ఆ పేపర్లో ఫొటో పడ్డ అబ్బాయికి కూడా...?”

“వాడొచ్చినప్పుడు దుకాణంలో వాడి స్నేహితులిద్దరున్నారు, పాపం. ఇద్దరికీ ఎక్కడా రాలేదు. తర్వాత ముగ్గురినీ విడివిడిగా నడిపించేసరికి నా చెప్పులు అరిగిపోయాయి. ఈ సంగతి నాతో నడిచిన పిల్లలందరికీ తెలుసు. ఒక్కళ్ళూ పైకి చెప్పరు. తెలియనిది పెద్దవాళ్ళకే.”

ఇల్లు చేరేసరికి గడువు దగ్గరపడింది. నాన్న పెద్ద కాలేజీ పేరు మీద బాణం గుర్తు పెట్టి, నొక్కడానికి వేలు ఎత్తి ఉంచాడు. మేనకోడలు రెండడుగులు ముందుకేసింది. నాన్నా, వద్దు, అది నాకు రాదు అనాలి. ఎదురుగా లాయరమ్మ ఉంది. అమ్మ ఉంది.

మావయ్య గుమ్మంలోనే నిలబడి, “బావా, ఒక్కసారి చెప్పులేసుకో” అన్నాడు.

“ఇప్పుడా! గడువు ముంచుకొస్తుంటే?”

“మీ స్కూటర్ ఏదో పక్కకి ఒరిగినట్టుంది. ఇద్దరం కలిసి లేపుదాం.”

నాన్న గొణుక్కుంటూ దిగాడు. మేనకోడలు బాల్కనీలోంచి చూసింది. కింద స్కూటర్ నిటారుగా నిలబడి ఉంది. దాన్ని దాటి ఇద్దరూ వెళ్ళిపోతున్నారు. నాన్న చేతులు గాల్లోకి లేచాయి. ఒకసారి ఆగి వెనక్కి తిరిగాడు. మావయ్య ఆగలేదు, అందుకని నాన్నే మళ్ళీ పరిగెత్తాడు. మందుల దుకాణం మలుపు దగ్గరికొచ్చేసరికి చేతులు కిందికి దిగాయి. తిరిగి వచ్చేటప్పుడు నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, మావయ్య కంటే ముందు నడుస్తున్నాడు.

హాల్లోకి రాగానే నాన్న కంప్యూటర్ ముందు నిలబడి ప్రకటించాడు. “మనమ్మాయి పెద్ద కాలేజీకి వెళ్ళడం లేదు. నేనే వద్దంటున్నాను.”

“మీరా?” అంది అమ్మ, చేతిలో దుప్పటి జారిపోగా.

“నేనే. పెద్ద కాలేజీలో పిల్లల్ని మందల్లా చూస్తారు. కొండ మీద కాలేజీలో మంచి గాలి, మంచి పర్యవేక్షణ. అది మొదటిది. రేవు దగ్గరది రెండోది, కొత్తది మూడోది. నేను రాత్రంతా ఆలోచించాను. తండ్రిగా నాకా మాత్రం హక్కు లేదా?”

లాయరమ్మ కొడుకు కిటికీ వైపు తిరిగి దగ్గాడు. అమ్మ తమ్ముడి వైపు చూసింది. “ఏరా, నువ్వేమంటావు?”

మావయ్య అప్పటికే ఎవరిదో కాఫీ గ్లాసు పట్టుకుని హాలు దాటుతున్నాడు.

“ఏమంటానక్కా, ఇన్నేళ్ళుగా ఈ మార్కులు చూస్తున్నాను. ఈ ఆలోచన నాకు తట్టనే లేదు సుమా!”

నాన్న మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. మేనకోడలు మొహం కనపడకుండా కంప్యూటర్ మీదికి బాగా వంగి, కొండ మీద కాలేజీ పేరు మీద నొక్కింది.