పెద్దమ్మ చెప్పిన క్రెస్కిట్

మొన్న ఆదివారం పొద్దున నేను పాలు కాస్తుంటే, సంగారెడ్డి నుంచి మొదటి బస్సులో వచ్చిన మా తమ్ముడు గడపలోనే నిలబడిపోయాడు. "అక్కా, పెద్దమ్మ పోయింది. నిద్రలనే పోయింది" అన్నాడు. పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెళ్లి చేసుకోలేదు. సంగారెడ్డిలో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేది. చిన్నప్పుడు మిషను హాస్టలులో ఒక ముసలి దొరసాని ఆమెకు లాటిన్ నేర్పింది. మా ఊళ్లో ఆ భాష ఎవరికీ అక్కర లేదు. అయినా సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చింతపండు గింజలు తీస్తూ చెప్పేది.

ఒక వానాకాలం, మంజీర ఒడ్లు ఒరుసుకుని పారుతుంటే చూపించడానికి తీసుకెళ్లింది. గొడుగు కింద నిలబడి "క్రెస్కిట్" అంది. పెరుగుతోంది అని అర్థం.

"ఏటికేనా పెద్దమ్మా ఆ మాట?"

"ఏటికీ అదే, నెలవంకకూ అదే, పసిపిల్లకూ అదే. మనం ధర పెరిగింది అంటం, మనిషి ఎదిగిండు అంటం. వాళ్లకు రెండూ ఒకటే. పుట్టుడుకు సుత ఆ మాటనే వాడుతరు."

ఆ క్రియకు భూతకాలంలో 'క్రేవి' అనే రూపం వస్తుందట. 'నేను పెరిగాను' అని. 'తేటగా చూశాను' అనే వేరే క్రియకూ సరిగ్గా అదే రూపమట. పెరగడం, చూడగలగడం ఒకే మాటలో!

పెళ్లయ్యాక, మా ఆయనకు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి పటాన్‌చెరులో కిరాయి గదికి వచ్చాం. చుట్టూ అప్పుడప్పుడే షెడ్లు లేస్తున్నాయి. ఎనిమిదో నెలలోనే నాకు కూతురు పుట్టింది. అరచేతిలో ఇమిడేంత పిల్ల. బతకడం కష్టమన్నారు. పెద్దమ్మ బడికి సెలవు పెట్టి వచ్చి, పిల్లను తన రొమ్ముకు ఆనించి చీరకొంగుతో కట్టుకుంది. దూది వత్తితో చుక్కచుక్కగా పాలు పట్టింది. పిల్ల కాలికి తెల్ల దారం వదులుగా కట్టింది.

"దిష్టి దారమా అమ్మా?" అని పక్కింటామె అడిగింది.

"కాదు. కొలత."

రోజూ నేను ఏడ్చేదాన్ని. "ఏం పెరగలేదు పెద్దమ్మా."

"గట్ల అనకు బిడ్డా. ఆ లాటిన్ మాటల 'స్క్' అని ఉంటది సూడు, దానికి అర్థమేందో ఎరుకేనా? పని షురువైంది, ఇంక అయిపోలే అని. మనం షురువైందా అన్నదే సూడాలె."

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ కేక వేసింది. పరుగెత్తాను. దారం పిల్ల కాలిని ఒరుసుకుని ఎర్రటి గీత పడింది. కత్తెర నాకిచ్చి దారం కత్తిరించమంది. తడికళ్లతో ఆ గీతనే చూస్తూ, గుడిలో గొంతు తగ్గించినట్టుగా "క్రెస్కిట్" అంది. అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ ఆమె ఏడవగా నేను చూడలేదు.

నిన్న సమాధి దగ్గర నా కూతురు అందరికంటే ముందు నిలబడింది. ఇప్పుడు బడికి పోతోంది. ఒంటిమీద పెద్దమ్మ కుట్టిన నీలం గౌను. పొడుగు చాలక అంచు మడత విప్పాను. వెలిసిన గౌను అంచున, ఇన్నాళ్లూ మడతలో ఉండి ఎండ తగలని ఆ బెత్తెడు గుడ్డ మాత్రం మోకాళ్ల దగ్గర ముదురు నీలంగా మెరుస్తోంది.