సున్నం కొట్టిన గది గాలి

మా నాయన బెంగళూరులో రైల్వే పార్సెల్ గుమాస్తా. ఆయన పనిచేసేది ప్లాట్‌ఫారం కింద, మెట్లు దిగి వెళ్ళే నేలగదిలో. పంతొమ్మిది వందల నలభైల మొదట్లో, యుద్ధం రోజుల్లో, వెలుతురు బయటికి పోకూడదని ఆ గది పైకిటికీలకు నల్లగుడ్డ కొట్టేశారు. గోనెసంచుల చెమ్మ, తోళ్ళ వాసన, మనుషుల ఊపిరి అన్నీ లోపలే ఉండిపోయాయి. ఆయనకు దగ్గు పట్టుకుంది అప్పుడే.

రైల్వే డాక్టరు క్షయేమో అన్నాడు. శానిటోరియం మాట కూడా ఎత్తాడు. ఆ రోజు నుంచి అమ్మ ఆయన గ్లాసు విడిగా పెట్టలేక, మా వాటితో కలపలేక నలిగిపోయింది.

నేనప్పుడు కాలేజీలో బోటనీ చదువుతున్నాను. మా మేడమ్ అంటే నాకు పిచ్చి అభిమానం. మైక్రోస్కోపు మీద వంగిందంటే ఆవిడకు కాలేజీ గంట కూడా వినపడదు. నా గోడు విని, "ఆ గదిలో గాలి ఏం మోస్తోందో చూద్దాం" అంది. అందుకు అగార్ కావాలి. సముద్రపు పాచి నుంచి తీస్తారు, గాజుపళ్ళెంలో పోస్తే జున్నులా గడ్డకడుతుంది, గాలిలోంచి దాని మీద పడ్డ సూక్ష్మజీవులు కంటికి కనపడేలా పెరుగుతాయి. జపాన్ నుంచి రావాల్సిన సరుకు, యుద్ధంతో ఆగిపోయింది. ఆవిడ దగ్గర మిగిలింది రెండు పళ్ళేలకు సరిపడా. అదంతా నాకే ఇచ్చేసింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

మొదటి పళ్ళేన్ని చెప్పాపెట్టకుండా తీసుకెళ్ళి, ఆ గదిలో కాసేపు మూత తీసి ఉంచాను. కొన్నాళ్ళకు అందులో ఒక తోటే మొలిచింది. తెల్ల అంచున్న ఆకుపచ్చ బూజు, మసిలాంటి నల్లబూజు, మధ్యమధ్య తేనెరంగు చుక్కల్లా బాక్టీరియా. నోరెళ్ళబెట్టి చూశాను. మా నాయన ఛాతీలోకి పోయేది ఇంత అందంగా ఉన్నందుకు కోపం కూడా వచ్చింది.

డాక్టరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీ చేతి నుంచి పడిందేమో. ఇంకోటి పెట్టు. అదీ ఇలాగే ఉంటే దగ్గు ఆ గాలి వల్లేననుకుని గది మార్పిస్తాను. లేకపోతే శానిటోరియం తప్పదు."

ఈసారి వస్తున్నానని నాయనకు ముందే చెప్పాను. మెట్లు దిగేసరికి కళ్ళు జిగేల్‌మన్నాయి. గోడలన్నిటికీ కొత్త సున్నం. అది ఆరాలని నల్లగుడ్డలు పీకించాడు. తడి సంచులు బయట ఎండలో ఉన్నాయి. ఇస్త్రీ కోటు వేసుకుని, పెళ్ళివారికి ఎదురొచ్చినట్టు నిలబడ్డాడు.

"చూడు పాపా, ఎట్ల తెల్లగా ఉండాదో! కాలేజీ నుంచి నా బిడ్డ వస్తాంటే బూజు గోడలు చూపిచ్చేదా? మన మానం ఏం కావాల?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆఖరి పళ్ళెం, పెట్టక తప్పలేదు. దాన్ని కాలేజీ ల్యాబులో ఉంచి రోజూ వెళ్ళి చూశాను. చివరికి ఏ మూలో రెండు చుక్కలు తప్ప అంతా ఖాళీ. మేడమ్ దాన్ని దీపం ముందు పట్టుకుని, "గోడలు మారాయి సరే, మనిషి ఎలా ఉన్నాడో చూశావా?" అంది. ఆ మాట చెవికెక్కించుకునే స్థితిలో లేను.

ఇంటికొచ్చీరాగానే నాయన మీద విరుచుకుపడ్డాను. "మీ మర్యాదలతో కొంప ముంచారు! ఇప్పుడు డాక్టరు ఏమంటాడు?" ఆయన తలొంచుకుని వింటున్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

వంటింటి గడపలోంచి అమ్మ అంది: "సుమ్నె ఉండు పాపా. అరిచేది ఆపి ఒకసారి విను. సున్నం కొట్టిచ్చినప్పటి నుంచీ మీ నాయన దగ్గినాడా?"

ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నాయన గుండె మీద చెయ్యి వేసుకుని, కావాలనే ఒకసారి దగ్గి చూశాడు. రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. ఆయన ముఖంలోకి నవ్వు ఎక్కడం చూసి, నేను అక్కడే కూలబడి భోరుమన్నాను.

అమ్మ లోపలికెళ్ళి ముగ్గురికీ కాఫీ కలిపి తెచ్చింది. ఏ గ్లాసు ఎవరిదో చూడకుండానే అందించింది.