అవ్వ వక్కాకు, నా వందనాలు

ఒక్క ప్రార్థనతో ఇంటి పరువునూ వెనకింటి తమలపాకు తీగనూ కలిపి నాశనం చేసిన మొనగాణ్ణి ఆత్మకూరు మొత్తానికి నేనొక్కణ్ణే. ఎలాగంటారా? కూర్చోండి, చెబుతాను.

అవి కరోనా మొదటి లాక్‌డౌన్ రోజులు. బస్టాండు దగ్గర నేను పనిచేసే సెల్‌ఫోన్ల కొట్టు మూతబడింది. మా వీధికి రెండు వైపులా కర్రలు అడ్డం కట్టేశారు. చర్చికి తాళం. అందుకని మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, సాయంత్రం ప్రార్థన ఫోన్లోనే గ్రూపు కాల్‌గా పెట్టారు. ఫోన్ల సంగతి తెలిసిన పండితుణ్ణి నేనే కాబట్టి ఆ కాల్ నడిపే పెత్తనం నాకే దక్కింది. ఎవరింట్లో కుక్కర్ కూసినా, ఎవరి గేదె అరిచినా టక్కున వాళ్ల మైకు ఆపేసేవాణ్ణి. దేవుడి తర్వాత అంత అధికారం నాదే అనుకోండి.

"బయటికి పోలేకపోతా ఉండామని ఏడవబాకండి" అన్నారు అయ్యగారు. "ఈ పొద్దు దేవుడు ఇంట్లోనే ఏం మేలు చేసినాడో ఒక్కొక్కరు ఒకటి చెప్పి వందనాలు చెల్లించండి."

మొదట్లో తేలిగ్గానే గడిచింది. కరెంటు పోనందుకు, మజ్జిగ పులవనందుకు, వడియాలు ఎండినందుకు వందనాలు చెప్పాను. తర్వాత నా సరుకు అయిపోయింది. మా చర్చి సుగుణమ్మ పెద్దమ్మకు మాత్రం అయిపోయేదే కాదు. "కిటికీలో పడే ఎండకు వందనాలు, ఆ ఎండలో కునుకు తీసే మా పిల్లికి వందనాలు" అని సాగదీసేది. అయ్యగారు "ఎంత చక్కగా చెప్పినావమ్మా!" అని మురిసిపోయేవారు. నాకు ఒళ్లు మండేది. ఆమె మైకు ఆపేద్దామని వేళ్లు దురదపెట్టేవి.

ఇప్పుడు మా అవ్వ సంగతి. మా ఏస్తేరవ్వ చర్చిలో స్త్రీల కూటానికి పెద్ద. వక్కాకు నమలందే ఆమెకు తెల్లవారదు. అయితే అంతకుముందు క్రిస్మస్‌కు చర్చిలో అందరి ముందూ నిలబడి, "ప్రభువు నా నోటిని శుభ్రం చేసినాడు, వక్కాకు మానేసినాను" అని సాక్ష్యం చెప్పింది. మానిన మాట నిజమే, ఆ సాయంత్రం దాకా. అప్పట్నుంచీ దొంగచాటు వ్యవహారమే. లాక్‌డౌన్‌తో నెల్లూరు నుంచి ఆకులు రావడం ఆగిపోయింది. అవ్వకు అన్నం సహించదు, నిద్ర పట్టదు, నన్ను చూస్తే చాలు కోపం. చివరికి వెనక వీధి రమణారెడ్డి మామ పెరట్లో తమలపాకు తీగ ఉందని గుర్తొచ్చి మా పెరటి గోడెక్కి ఆకులడిగాను.

"మీ అవ్వ మానేసిందంట గదరా?" అన్నాడు మామ.

"మానేసింది మామా. మళ్లీ మొదలుపెట్టింది."

"సరే, రోజూ నాలుగాకులు తీసకపో. ఎవురికీ చెప్పబాక. ఊరంతా వచ్చిందంటే తీగ మిగలదు."

అవ్వ కూడా నా చేత ఒట్టు వేయించుకుంది. "సుగుణమ్మ చెవిన పడిందంటే కూటంలో ఇంక నేను తలెత్తుకోలేను సామేలూ. నా పరువు నీ చేతిలో ఉండాది నాయనా."

పాపం, నా చేతిని నమ్మింది. నోటి గురించి ఆలోచించలేదు.

ఆ సాయంత్రం సుగుణమ్మ పెద్దమ్మ, తన ముందుపన్ను ఊడిన సంగతి ఎవరికీ కనపడకుండా కాపాడిన మాస్కుకు వందనాలు చెప్పింది. అయ్యగారు నవ్వి నవ్వి, "తర్వాత సామేలు" అన్నారు. నా బుర్రలో ఏమీ లేదు. పక్కకు చూస్తే, మంచం మీద అవ్వ అప్పుడే లేతాకు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని నములుతోంది. ఆ ముఖంలో తృప్తి చూసి నిజంగా నా మనసు కరిగిపోయింది. ఇంతకంటే మేలేముంటుంది? నాదీ అయ్యగారిదీ తప్ప అందరి మైకులూ ఆపేసి అందుకున్నాను.

"ప్రభువా, మంచి ఇరుగుపొరుగును ఇచ్చినందుకు వందనాలు. రోజూ గోడ మీద నుంచి ఆకులందిస్తున్న రమణారెడ్డి మామ కోసం వందనాలు..."

అవ్వ కళ్లు తెరిచింది. నోటినిండా రసం, మాట రాదు. "ఊఁ! ఊఁ!" అంటూ రెండు చేతులూ పైకెత్తి ఊపింది. నా ప్రార్థనకు పరవశించిపోయిందనుకుని గొంతు పెంచాను.

"ఏమాకులు నాయనా?" అన్నారు అయ్యగారు.

"తమలపాకులయ్యగారూ! నోట్లో వేసుకోగానే మా అవ్వ ముఖం వెలిగిపోతుంది. ఆ వెలుగు కోసం వందనాలు!"

వక్కలు కత్తిరించే అడకత్తెర వచ్చి నా వీపున తగిలింది. అప్పటికి గాని నేనేం వాగానో నాకు తెలియలేదు. కంగారులో కాల్ కట్ చేయబోయి అందరి మైకులూ తెరిచేశాను. ఒక కుక్కర్ కూసింది. ఒక గేదె అరిచింది. అవ్వ కొంగు ముఖాన కప్పుకుంది. నాకు అక్కడికక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

అప్పుడు సుగుణమ్మ పెద్దమ్మ గొంతు మెల్లగా వినిపించింది. "సామేలూ... లేతాకులా, ముదురాకులా?"

"ఆయన గేటు ఎప్పుడు తీస్తాడబ్బాయా?" అంది ఇంకో గొంతు.

చివరికి అయ్యగారు కూడా గొంతు తగ్గించి, "మా అమ్మ గూడా అడగమంటా ఉండాది నాయనా" అన్నారు.

మర్నాడు కూరగాయలకు వదిలిన వేళలో చూడాలి! మామ గేటు ముందు మాస్కులు కట్టుకుని, దూరం దూరంగా నిలబడి, స్త్రీల కూటమంతా హాజరు. ఇంటికొచ్చిన ఆడవాళ్లను కాదనలేక మామ ఇస్తూనే పోయాడు. ఎండెక్కే సరికి తీగకు ఆధారంగా కట్టిన కర్ర ఒక్కటే మిగిలింది.

"ఏందిరా, ఎవురికీ చెప్పబాక అంటే ప్రార్థన పెట్టి మరీ చెప్పినావే!" అని గోడ మీద నుంచి తలబాదుకున్నాడు మామ.

నేను అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని, "నీ పరువు తీసినాను, తప్పయిపోయిందవ్వా" అన్నాను.

"పరువుదేముందిలేరా, అందరిదీ కలిసే పోయింది" అంది అవ్వ ఖాళీ దవడలు ఆడిస్తూ. "ఆకులు పోయినాయి గదరా!"

ఆ సాయంత్రం అయ్యగారు కావాలనే అవ్వను అడిగారు. "ఏస్తేరమ్మా, ఈ పొద్దు దేనికి వందనాలు?"

"సుగుణమ్మ తన ఆకుల్లో సగం నాకు పంపించింది అయ్యగారూ. ఆమె కోసం వందనాలు. నా మనవడికి దేవుడు నోరు గూడా ఇచ్చినాడు. దానికి మాత్రం వందనాలు చెప్పమని నన్ను అడగబాకండి."

అందరూ పగలబడి నవ్వారు. వీధికి కర్రలు కట్టాక అంత నవ్వు వినడం అదే మొదలు. నేను ఒక్క మైకు కూడా ఆపలేదు. ఆ నవ్వు విని నాకెంత హాయి అనిపించిందో చెప్పలేను.

ఆ రాత్రే అడకత్తెర మీద చెయ్యి వేసి ఘనంగా ప్రమాణం చేశాను. ఇక బతికినన్నాళ్లూ వందనాలు మనసులోనే చెప్పుకుంటాను, ఎవరి మైకు ఆపాలన్నా ముందు నాది ఆపుకుంటాను. ఇప్పటిదాకా మాట తప్పలేదు.

రమణారెడ్డి మామ కొత్త తీగ నాటాడట. అవ్వ దవడలు మళ్లీ ఆడుతున్నాయి. ఆ తీగ ఎక్కడుందో మాత్రం ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పడం లేదు.