సువార్తమ్మ చేతి బోణీ

మా తిరువూరులో పురుళ్ల వార్డు ఒకటి కట్టారు. దాని గుమ్మం కంటే గుమ్మం మీది పాలరాతి పలకే పెద్దది. ఆ పలక మీద మాణిక్యమ్మ గారి పేరు మూరెడేసి అక్షరాలతో చెక్కించారు. కట్టించిన దశరథరామయ్య గారికి ఆవిడ కన్నతల్లి. ఆ మహాతల్లి తన పిల్లలందరినీ ఇంట్లో చాప మీదే కన్నది, బతికున్నన్నాళ్లూ ఆసుపత్రి పేరెత్తితే ముక్కు మూసుకునేది. అయినా కొడుకు భక్తికి అడ్డేముంటుంది?

ఇది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేటి మాట. దశరథరామయ్య గారిది బజారులో పెద్ద కిరాణా కొట్టు, మిరపకాయల వ్యాపారం. ఆసుపత్రి కమిటీకి ప్రెసిడెంటు కూడా ఆయనే. ఆ కొట్టుకి ఎదురుగా నాది అద్దె సైకిళ్ల షాపు. పొద్దున్నే సైకిళ్లు బయటికి పోతే నాకు చూడటం తప్ప వేరే పనుండదు. అంచేత ఈ భాగోతమంతా నా కళ్లారా చూశాను.

వార్డులో మంచాలున్నాయి, పరుపులున్నాయి, తలుపుకి మంచి తాళముంది. లేనిది నర్సే. ఊళ్లో నర్సు లేదా అంటే ఉంది. మిషన్ బళ్లో పాఠాలు చెప్పే యోసేపు పంతులు కూతురు సువార్తమ్మ గుంటూరులో మూడేళ్లు నర్సు చదువు చదివి, పరీక్ష ప్యాసై, ఇంటికొచ్చి కూర్చుంది. బెజవాడలో ఉద్యోగానికి పోతే “ఇదివరకెక్కడ చేశావు?” అన్నారు. విస్సన్నపేటలో డాక్టరు “ముందు ఎక్కడన్నా చేసి రా, అప్పుడు చూద్దాం” అన్నాడు. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదన్నట్టుంది ఆ పిల్ల బతుకు. ఇక మిగిలింది సొంత ఊరు. ఇక్కడ కూడా కాదంటే ఆ చదువు మడిచి పెట్టెలో పెట్టుకోవడమే.

ఒకరోజు పొద్దున తండ్రీ కూతుళ్లు కొట్టు దగ్గరికొచ్చి మెట్ల కింద నిలబడ్డారు. మాలపల్లి నుంచి వచ్చినవాళ్లెవరూ ఆ మెట్లెక్కరు. పైన అరుగు మీద కమిటీ కూర్చునుంది. కమిటీ అంటే దశరథరామయ్య గారు, పెనుగొలను ఆసామి ఆదిశేషయ్య గారు. ఆదిశేషయ్య గారికి సూదంటే వణుకు. అందుకే కాబోలు, ఆయన్ని ఆసుపత్రి కమిటీలో వేశారు.

“చదువు సరేనమ్మాయ్, హస్తవాసి ఎట్టాంటిది?” అన్నాడు ఆదిశేషయ్య గారు. 

“గుంటూరులో చాలామందికి పురుళ్లు పోశానండి. అందరూ క్షేమంగా ఇళ్లకి వెళ్లారు.”

“అది ఆ ఆసుపత్రి మహిమ. నీ చేతి మహిమ ఎట్టా తెలిసేది?”

“ఒకరినన్నా చూడనిస్తే తెలుస్తుంది కదండీ.”

“చూశాక వాసి లేదని తేలితే? ఆ ఒకరి గతేంటి?”

దీనికి గుంటూరులో జవాబు నేర్పలేదు. అప్పుడు దశరథరామయ్య గారికి మెరుపులాంటి ఆలోచన తట్టింది. వ్యాపారస్తుడికి చెయ్యి మంచిదో కాదో తెలిసే దారి ఒక్కటే. ఆ చేత్తో బోణీ చేయించి చూడటం. “రేపణ్ణించి పొద్దున్నే వచ్చి మా కొట్లో బోణీ చెయ్యి. బేరాలు బాగుంటే నీ చెయ్యి మంచిదే. ఉద్యోగం నీదే” అన్నాడు.

నేను నవ్వాపుకోలేక సైకిలు చక్రానికి గాలి కొట్టడం మొదలెట్టాను.

మర్నాటి నుంచి సువార్తమ్మ ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని పొద్దున్నే వచ్చేది. కింది మెట్టు మీద అణా పెట్టేది. ఆ అణా కూడా యోసేపు పంతులుదే. దశరథరామయ్య గారు ఆ అణా మీద నీళ్లు చల్లి, ఆ తర్వాత భక్తిగా కళ్లకద్దుకుని గల్లాలో వేసేవాడు. చల్లడం ఆ పిల్ల కులానికి, అద్దుకోవడం ఆ పిల్ల చేతికి. రెండూ ఒకే మనిషి ఒకే నిమిషంలో ఎలా చెయ్యగలడని నాకు అనుమానం వచ్చేది గానీ, ఆయనకి రాలేదు. అణాకి సరిపడా బెల్లం ముక్క పైనుంచి ఆమె కొంగులో పడేసేవాడు.

బేరాలు దుమ్ము రేగిపోయాయి. వైశాఖం, పెళ్లిళ్ల రోజులు, మామిడి బళ్లు దిగే రోజులు. నా డొక్కు సైకిళ్లు కూడా ఒక్కటి మిగలకుండా పోయేవి, నాకెవరూ బోణీ చెయ్యకపోయినా. కానీ ఊరంతా “యోసేపు కూతురి చెయ్యి” అంది. ఆదిశేషయ్య గారు బండి పంపించి, పెనుగొలనులో కొత్త బావికి ఆ పిల్ల చేత మొదటి గడ్డపార వేయించాడు. ఆ చెయ్యి మంచిదని ఊళ్లో తెలియనివాడు లేడు. ఆ చేత్తో నాడి చూపించుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

“ఇంట్లో బెల్లం పెరిగిపోతోందయ్యా రామలింగం, ఉద్యోగం మాత్రం కనపళ్లేదు” అన్నాడు నాతో యోసేపు పంతులు.

కొట్టు తెరిచేదాకా సువార్తమ్మ నా షాపు ముందు నిలబడేది. ఊరికే నిలబడలేక సంచీలోంచి గుడ్డపట్టీ తీసి నా సైకిళ్ల హ్యాండిళ్లకి కట్లు కట్టేది, విప్పేది, మళ్లీ కట్టేది. “చేతులు మర్చిపోతాయేమోనని భయంగా ఉందండి రామలింగం గారూ” అంది ఒకరోజు.

ఆ రోజే ధైర్యం చేసి అడిగేసింది. “అయ్యగారూ, నా ఉద్యోగం సంగతి?”

దశరథరామయ్య గారు అదిరిపడ్డాడు. “ఇంకా నీకు ఉద్యోగమేంటమ్మాయ్! లక్ష్మిలాంటి చెయ్యి. రోగుల రక్తంలో, చీములో పెడితే ఆ వాసి నిలుస్తుందా? నా కొట్టు గతేం కావాలి?”

చెయ్యి చెడ్డదైతే ఉద్యోగం లేదు. మంచిదైతే అసలే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె బెల్లం ముక్క కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. ఆ వారంలోనే వార్డు తాళం తీశారు. నర్సు కోసం కాదు, గిడ్డంగి నిండిపోతే మిరపకాయల బస్తాలు వేయించడానికి. బజారు చివర మాణిక్యమ్మ గారి పేరు కింద నుంచి బస్తాలు లోపలికి పోతుంటే సువార్తమ్మ నా షాపు దగ్గర నిలబడి చూసింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ “ఘాటండి” అంది. ఘాటు అంతదూరం రాలేదు.

అప్పటికి దశరథరామయ్య గారి కూతురు సీతామహాలక్ష్మి తొలి కాన్పుకి పుట్టింటికొచ్చి ఉంది. కొట్టు వెనకాలే ఇల్లు. నాన్నమ్మ పేర అంత వార్డు ఉన్నా, ఆ పిల్లకి పురుడు పోయడానికి మంత్రసాని పిచ్చమ్మనే పిలిచారు. వార్డు ఊరికోసం కట్టింది కదా.

ఒక పొద్దున సువార్తమ్మ మెట్ల దగ్గరికొచ్చి అణా తీసిందో లేదో, దశరథరామయ్య గారి భార్య కనకమ్మ గారు జుట్టు విరబోసుకుని లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. “బిడ్డ అడ్డం తిరిగిందంట! పిచ్చమ్మ తనవల్ల కాదంటోంది! అమ్మాయ్, నువ్వు రా!”

సువార్తమ్మ గబుక్కున వెనక్కి తిరిగి, కేక విని పరుగెత్తుకొచ్చిన నా చేతిలో అణా పెట్టింది. దశరథరామయ్య గారు చెయ్యెత్తి ఆపాడు. “ఒక్క నిమిషం ఆగవే. బోణీ చేసి వెళ్తుంది.”

“మీ బోణీ మండిపోనూ!” అని కనకమ్మ గారు మెట్లు దిగి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, మాలపల్లివాళ్లెవర్నీ ఎక్కనివ్వని మెట్ల మీదుగా, కొట్లోంచే లోపలికి లాక్కుపోయింది.

ఆ పూట కొట్టు చూడాలి. బేరానికొచ్చినవాళ్లందర్నీ ఆయన “బోణీ కాలేదు, ఆగండి” అని కూర్చోబెట్టాడు. వాళ్లు కాసేపు కూర్చుని, పక్క కొట్టుకి పోయి కొనుక్కున్నారు. లోపలినుంచి కూతురి కేకలు వినిపిస్తున్నాయి. ఆయన ఒకసారి తలుపు వైపు, ఒకసారి గల్లా వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి కేకలు ఆగిపోయాయి. బజారంతా చెవులు రిక్కించింది. చాలాసేపటికి పసిబిడ్డ ఏడుపు సన్నగా మొదలై గట్టిపడింది. నేను అణా గుప్పిట్లో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తర్వాత పిచ్చమ్మే చెప్పింది, సువార్తమ్మ కడుపు మీద చేతులాడించి బిడ్డని సర్దిందనీ, పుట్టి ఏడవని వాణ్ణి ఏడిపించిందనీ.

సాయంత్రం కమిటీ కూర్చుంది. 

“పురుడు పోసిన చెయ్యి బోణీకి పనికొస్తుందంటారా?” అన్నాడు ఆదిశేషయ్య గారు. 

“ఎక్కడ పనికొస్తుందండీ. గుంటూరు సంగతి మనం చూడలేదు, ఇది మన కళ్లముందే మైలపడిపోయింది. బంగారంలాంటి చెయ్యి” అని నిట్టూర్చాడు దశరథరామయ్య గారు. 

“మరిప్పుడేం చేద్దాం?” 

“ఏం చేస్తాం. ఇంక దేనికి పనికొస్తుంది? నర్సుగా వేసేద్దాం.”

అలా వచ్చింది సువార్తమ్మకి మొదటి ఉద్యోగం. మనవణ్ణి బతికించినందుకు కాదు, గల్లాపెట్టెకి పనికిరాకుండా పోయినందుకు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా మర్నాడు తెల్లారేసరికి బస్తాలన్నీ బయటికి వేయించి, వార్డంతా కడిగించి, మొదటి మంచం మీద సీతామహాలక్ష్మినీ బిడ్డనీ పడుకోబెట్టించింది. వారం రోజులు తన కళ్ల ముందుండాలంది. కనకమ్మ గారు సరేనన్నాక ఆ ఇంట్లో కాదనేవాళ్లెవరు?

ఆ మధ్యాహ్నం అణా తిరిగి ఇచ్చేద్దామని నేను వార్డుకి వెళ్లాను. అప్పుడే దశరథరామయ్య గారు మనవణ్ణి చూడటానికి వచ్చాడు. పొద్దుణ్ణించి మిరపకాయలు పిసికి చూసిన చేతులు. గుమ్మంలోకి రాబోతుంటే సువార్తమ్మ అడ్డంగా నిలబడింది.

“ఆగండి అయ్యగారూ. చేతులు కడుక్కోవాలి.”

“ఇది నేను కట్టించిన వార్డమ్మాయ్.”

“అవునండి. చేతులు కడుక్కోవాలి.”

ఆయన తలెత్తి తల్లి పేరు చూశాడు. తర్వాత మెట్లు దిగి కింద నిలబడ్డాడు. సువార్తమ్మ పై మెట్టు మీద నుంచి చెంబుతో నీళ్లు పోసింది. ఆయన దోసిలి పట్టాడు. ఒకసారి చాలదని సబ్బు కూడా రుద్దించింది.