ఎనిమిదో బోల్టు

మా అక్క చేతిలో ఒక వస్తువు పాడవడం నా ఎరుకలో ఒక్కసారే జరిగింది. అదీ భక్తి వల్ల. ఏటా దసరాకి ఆయుధపూజ నాడు మా బావ సైడ్ డ్రమ్ముని అటక మీద నుంచి దింపించి, పసుపునీళ్ళు చిలకరించి, చుట్టూ ఉన్న ఎనిమిది బోల్టులకీ ఎనిమిది బొట్లు పెట్టి, హారతి ఇచ్చి, తడి ఆరకముందే పాత చీరలో చుట్టి మళ్ళీ పైకెక్కించేసేది. అలా పన్నెండేళ్ళు. వన్ టౌన్‌లోని ఆ ఇరుకింట్లో కుట్టుమిషనుకీ, సైకిలుకీ, కత్తిపీటకీ కూడా అదే పూజ జరుగుతుంది. కాకపోతే వాటిని మర్నాడే తుడిచి వాడుకుంటారు. డ్రమ్ముని తుడవాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

అంతకుముందు పాతికేళ్ళు నేనూ బావా ఒకే పెళ్ళి బ్యాండులో ఉన్నాం. అతను సైడ్ డ్రమ్ము, నేను క్లారినెట్. ఎర్ర కోటూ, భుజాల మీద జరీ కుచ్చులూ వేసుకుని వ్యానెక్కామంటే ఈ రోజు మైలవరం, రేపు కూచిపూడి పక్క ఏదో ఊరు. మైలవరం వైపు ఎండకి పెదాలు పగిలేవి. కాలవగట్ల మీద నడిచి వాయించేటప్పుడు గాలి చల్లగా ఉండేది గానీ, బురదలో బూట్లు దిగబడేవి. నాకు ఊపిరి చాలేది కాదు. పాట మధ్యలో పై స్వరం దగ్గర నా రొమ్ము ఖాళీ అయిపోతే, బావ అది ముందే కనిపెట్టి పుల్లలు రెండూ జలజలమని దొర్లించేవాడు. పెళ్ళివారు అదేదో మా గొప్పతనం అనుకుని ఈలలు వేసేవాళ్ళు. నేను ఆ సందులో ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ మాట నలుగురిలో అని నా పరువు తీయలేదు బావ. మిగతా అన్ని విషయాల్లోనూ తీశాడు.

డీజేలు వచ్చి బ్యాండు ఆగిపోయాక నేను జిరాక్సు షాపు పెట్టుకున్నాను, అతను ఒక బట్టల గోడౌన్లో కాపలాకి కుదిరాడు. మొన్న వేసవిలో అతనికి పక్షవాతం వచ్చింది. కాలు త్వరగానే దారికొచ్చింది. కుడి చెయ్యి మాత్రం మోచేతి నుంచి కిందకి వేలాడిపోయింది. ఆరు నెలల లోపు ఎంత కదిలిస్తే అంత వస్తుందనీ, ఆ తర్వాత కష్టమనీ డాక్టరు తేల్చి చెప్పాడు. పిసకమని ఒక స్పాంజి బంతి ఇచ్చారు. బావ దాన్ని ఎడమ చేత్తో మంచం కిందకి విసిరేశాడు.

"బంతులాడుకోడానికి నేనేమన్నా చంటిపిల్లోణ్ణేంట్రా?" అన్నాడు.

రెండు నెలలు అలాగే గడిచిపోయాయి. అక్క బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. చివరికి నాకు ఫోను చేసి ఏడ్చింది. నేను వెళ్ళి నాకు తెలిసిన పద్ధతిలో కేకలేశాను. బావ అంతా విని గోడ వైపు తిరిగి పడుకుని, "డ్రమ్ము దింపి బాగుచెయ్యి. అప్పుడు చూద్దాం," అన్నాడు. నన్ను వదిలించుకోడానికే అన్నాడని నాకు తెలుసు. అయినా అదే చాలనుకుని అటకెక్కాను.

కిందికి దింపి చీర విప్పాను. పై చర్మం చిరిగిపోయింది. అది పర్లేదు, కొత్తది దొరుకుతుంది. కానీ అది మార్చాలంటే దాన్ని పట్టి ఉంచే ఇనప రింగు ఊడదియ్యాలి, రింగు ఊడాలంటే ఎనిమిది బోల్టులూ తిరగాలి. ఒక్కటీ తిరిగేలా లేదు. పసుపూ కుంకుమా తడితో కలిసి మరల్లోకి దిగి, తుప్పుతో పాటు గట్టిపడి, సిమెంటు పోసినట్టు పట్టేశాయి.

అక్క వంగి చూసింది. "నా పసుపు వల్లేనా?" అంది. నేను ఒక బోల్టు మీది పసుపుని గోటితో గీకి చూశాను. "ప్రతి ఏడూ నేనే పెట్టాను కదరా," అంటూ గడప మీద కూలబడింది.

మంచం మీద నుంచి బావ అందుకున్నాడు. "పోన్లేవే. ఒక్క బోల్టూ ఊడిపోకుండా అమ్మవారే పట్టుకుంది. ఇదేవన్నా మీ తమ్ముడి బుర్రా, వదులైపోడానికి!"

ఆ రెండు నెలల్లో అతను నవ్వు మొహంతో మాట్లాడటం అదే మొదలు. నాకు ఒళ్ళు మండాలి గానీ మండలేదు.

ఆ రోజు నుంచి పొద్దున్నే షాపు తెరిచే లోపు గంటసేపు అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాను. కిరసనాయిలు ఇప్పుడెక్కడ దొరుకుతుంది? డీజిల్ తెచ్చి చుక్కలు చుక్కలుగా పోసేవాణ్ణి. నాకు ఓపిక తక్కువ. మొదటి బోల్టుని పానాతో బలంకొద్దీ తిప్పితే దాని తల అరిగి గుండ్రమైపోయింది. "ఊదేవాళ్ళకి ఇనప పనెందుకు?" అని బావ రోజంతా దెప్పాడు. దాన్ని కటింగ్ ప్లేయరుతో పట్టి లాగడానికి నాలుగు రోజులు పట్టింది. తక్కినవి ఒక్కొక్కటే కిర్రుమని ఏడుస్తూ వచ్చాయి. ఏడు బోల్టులు తియ్యడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎనిమిదోది మాత్రం చలించలేదు.

గ్రైండరు పెట్టి కోసేద్దామన్నాను. కోస్తే డ్రమ్ము డబ్బాకి ఉన్న నట్టు కూడా పోతుంది, ఆ పాత మోడలు నట్టు ఇప్పుడు ఎక్కడా లేదు. "కోశావంటే నేను దాని మొహం చూడను," అన్నాడు బావ. ఆ మాట మాత్రం వేళాకోళానికి అనలేదు.

ఆటోనగర్‌లో తెలిసిన ముసలి మెకానిక్కు దగ్గరికి డ్రమ్ముని ఆటోలో వేసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చూసి, "బలం చూపించకండి. నూనె పోసి, చిన్న సుత్తితో బోల్టు తల మీద మెల్లగా తడుతూ ఉండండి. గట్టిగా కొడితే విరుగుద్ది. మెల్లగా, రోజూ, ఆపకుండా. తుప్పు దానంతటదే వదులుద్దండీ," అన్నాడు.

మెల్లగా, రోజూ, ఆపకుండా. ఈ మూడింటిలో ఒక్కటీ నావల్ల కాదు. రెండో రోజే సుత్తి జారి రింగు మీద పడి చిన్న సొట్ట పడింది. బావ తట్టుకోలేకపోయాడు.

"ఇలా తగలెయ్!" అన్నాడు.

డ్రమ్ముని అతని ఒళ్ళో పెట్టాను. దొర్లిపోకుండా ఎడమ చేత్తో పొదివి పట్టుకున్నాడు. ఇక మిగిలింది కుడి చెయ్యి. అందులో అక్క పటికబెల్లం కొట్టుకునే బుల్లి సుత్తి పెట్టాను. పడిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది. అక్క వచ్చి సుత్తిని రిబ్బనుతో అతని అరచేతికి కట్టింది. బావ మోచెయ్యి ఎత్తి దించాడు. టక్. గట్టిగా కొడదామన్నా ఆ చేతికి బలం లేదు. మెకానిక్కు అడిగింది సరిగ్గా ఆ దెబ్బే.

రోజూ గంట అన్నది రెండు గంటలైంది. రెండు వారాలకి మణికట్టు మెదిలింది. నెల తిరిగేసరికి రిబ్బను అక్కర్లేదన్నాడు. ఆ చేత్తో కాఫీ గ్లాసు ఎత్తి సగం లుంగీ మీద ఒలకబోసుకున్న రోజు అక్క వీధిలో అందరికీ చెప్పుకొచ్చింది. నాలో పాత రోజులు లేచి కూర్చున్నాయి. ఆ టక్ టక్ వింటుంటే మెడకి పట్టే ఎర్ర కోటు కాలరు, పెళ్ళిపందిట్లో మల్లెల వాసన, మా ముందు గెంతే పిల్లలు అన్నీ గుర్తొచ్చేవి. నా క్లారినెట్టు అమ్మేసుకున్నందుకు ఆ నెలలోనే మొదటిసారి ఏడుపొచ్చింది.

ఒకరోజు డ్రమ్ము పుల్ల పట్టుకోబోయాడు. సుత్తి పిడి లావు, పుల్ల సన్నం. వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. ఎవరూ చూడలేదనుకుని చెయ్యి తువ్వాలు కింద దాచుకున్నాడు. నేను చూశాను. ఆ పూట బావ ఇక సుత్తి కూడా ముట్టుకోలేదు.

తర్వాతి రోజు నేను వెళ్ళేసరికి అతను స్నానానికి వెళ్ళాడు. ఊరికే పానా వేసి చూశాను. బోల్టు తిరిగింది.

పావు చుట్టు, అర చుట్టు, ఏ అడ్డూ లేకుండా. కేక పెట్టబోయి ఆగిపోయాను. కొత్త చర్మం సంచిలో సిద్ధంగా ఉంది. బిగించడానికి అరగంట చాలు. ఆ తర్వాత డ్రమ్ము బాగైంది కదా, వాయించు అంటారు అందరూ. పుల్ల జారిపోతుంది. నాకు బావ సంగతి తెలుసు. అందరి ముందూ ఒక్కసారి జారిందంటే ఇక జన్మలో చెయ్యి ఎత్తడు. డాక్టరు చెప్పిన గడువులో ఇంకా రెండు నెలలు మిగిలి ఉన్నాయి.

బోల్టుని మళ్ళీ లోపలికి తిప్పి, గట్టిగా బిగించి, పైన ఇంత డీజిల్ పోశాను. పానాని సంచిలోకి తోసేశాను.

అతను తల తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. "ఏవన్నా కదిలిందా?"

"లేదు బావా. అలాగే ఉంది."

డ్రమ్ముని ఒళ్ళోకి తీసుకుని సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. శబ్దం మారింది. నిన్నటిదాకా మొద్దుగా పలికిన బోల్టు ఇవాళ కంగుమంది. అది నాకే తెలిసిందంటే, పాతికేళ్ళు ఆ డ్రమ్ముతో బతికినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? సుత్తి గాల్లోనే ఆగింది. బావ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"అవున్రా," అన్నాడు. "ఇది ఇంకో రెండు నెలలు పట్టేట్టుంది." అని రెండో దెబ్బ వేశాడు.